ఆలస్య రుసుము – ధర్మాధర్మ విచారము

ఇచ్చిన మాటను గడువులోపల నిలుపుకొనవలెననుట లోకమంగీకరించిన ధర్మము. అయితే గడువు దాటినవానివద్ద ఎంత అధికముగా గ్రహించుట న్యాయము? అచ్చు యంత్రము, జెరాక్సు యంత్రము, కంప్యూటరు మొదలగువానిని కొనజాలని చిన్న వ్యాపారులు నెలసరి అద్దెకు తెచ్చుకొని జీవనము సాగించుచున్నారు. అద్దె ఆలస్యమైనచో రుసుము చెల్లింపవలెనని ఒప్పందములో వ్రాసియుండును. వివాదము అచ్చటనే మొదలగుచున్నది.

యంత్రము యజమాని పక్షమునను న్యాయము కలదు. అతడు తరచుగా అప్పు తెచ్చియే యంత్రమును కొనును. ఆ అప్పు వాయిదా అతనికొరకు ఆగదు. కావున ఆలస్యమువలన కలిగిన నష్టమును పూరింపుమని అడుగుట దోషము కాదు. చిన్న పరిశ్రమలకు రావలసిన సొమ్మును ఆలస్యము చేసిన కొనుగోలుదారు చక్రవడ్డీతో చెల్లింపవలెనని 2006 నాటి చట్టమే విధించినది.

అయినను నష్టపూరణము వేరు, దండన వేరు. నెలకు 10,000 రూపాయల అద్దెగల యంత్రమునకు ఆలస్య రుసుము రోజుకు 500 రూపాయలనుకొందము. ఐదు రోజులకు 2,500 రూపాయలు, అనగా అద్దెలో నాలుగవ వంతు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కించినను ఐదు రోజులకయ్యెడి మొత్తము సుమారు 33 రూపాయలే. మిగిలినదానిలో అధికభాగము నష్టము కాదు. ఎదుటివాని ఇక్కట్టునుండి పిండిన లాభము.

ఇంకొక చిక్కు కలదు. వచ్చిన సొమ్మును మొదట రుసుమునకు జమకట్టి, మిగిలినదానిని అద్దెకు వ్రాసినచో, ఆ నెల అద్దె పూర్తిగా చెల్లించినవాడును బాకీదారుగానే మిగులును. ఆ కొరతపై మరల రుసుము పడును. ఇది ఏ బాకీకి చెల్లునో చెప్పి యిచ్చిన సొమ్మును పుచ్చుకొన్నవాడు దానికే జమకట్టవలెనని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. కావున ఏ నెల అద్దెయో వ్రాసి యిచ్చుట మేలు.

“సంతకము చేసినవాడు కట్టవలసినదే గదా” యని కొందరందురు. ఆ చట్టమే 74వ సెక్షనులో దీనికి సమాధానము చెప్పినది. ఒప్పందములో వ్రాసిన మొత్తము హద్దు మాత్రమే. దానికి మించకుండ సమంజసమైన పరిహారమునే ఇప్పింపవలెను. ఫతేచంద్ వ్యాజ్యమున 1963లో సుప్రీంకోర్టు దీనినే స్థిరపరచినది. అవసరములో నున్నవాడు సన్నని అక్షరములు చదివి బేరమాడగలడా? సంతకముతో ఒప్పందము ముగియవచ్చును గాని ధర్మవిచారము ముగియదు.

కాయకమే కైలాసమని శరణుల బోధ. పనిముట్టు కాయకమునకు సాధనము. రుసుము పేరిట దానిని లాగుకొనిపోయినచో, బాకీ తీర్చు శక్తియే నశించును. ఇచ్చినవానికిని మేలు కలుగదు. అద్దెకు తెచ్చినవాడు ఇబ్బందిని గడువునకు ముందే తెలుపవలెను. మౌనముగా ముఖము చాటుచేయుట అతని దోషము. ఇచ్చినవాడు తన నష్టమును లెక్క చూపి అడుగవలెను. చూపజాలని లెక్కను గ్రహించుట అతని దోషము. ఇరువురును ఈ హద్దుల నెరిగినచో న్యాయస్థానము గడప త్రొక్కవలసిన పని అంతగా ఉండదు.