శిఖరం దాకా తొక్కితే తపస్సవుతుందా?

దోర్నాల నుంచి శ్రీశైలానికి సుమారు 50 కిలోమీటర్లు. ఊరు దాటిన కాసేపటికే నల్లమల, ఆపైన ఘాట్, ఇక మలుపు మీద మలుపు. అవతలి వైపు హైదరాబాదు నుంచి వచ్చే దారి సుమారు 210 కిలోమీటర్లు. అందులో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఫర్హాబాద్, వటవర్లపల్లి, దోమలపెంటల మీదుగా సాగేదంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యమే. ఈగలపెంట దాటాక కృష్ణ దాకా దిగి, డ్యామ్ దిగువన వంతెన దాటి, లింగాలగట్టు నుంచి సున్నిపెంటకు మళ్లీ ఎక్కాలి. ఈ రెండు దారుల్లోనూ ఇప్పుడు సైకిళ్లు కనిపిస్తున్నాయి. తొక్కేవారిలో మల్లన్న భక్తులున్నారు, ఎత్తులంటే ఇష్టపడే ఆటగాళ్లున్నారు, రెండూ అయినవారూ ఉన్నారు. వీరిని చూసినప్పుడు పుట్టే ప్రశ్న చాలా పాతది. దేవుడి కొండకు ఒళ్లు హూనం చేసుకుని వెళ్తే ఆ కష్టానికి ఆధ్యాత్మికమైన విలువ ఏమైనా ఉందా? ఉంటే అది ఎక్కడుంది, కాళ్ల నొప్పిలోనా, మరోచోటనా?

కష్టపడి వెళ్తేనే పుణ్యమన్న నమ్మకం మనలో బలంగా ఉంది. దానికి వెనక చరిత్రా ఉంది. శివరాత్రికి శ్రీశైలం వెళ్లే భక్తుల కోసం పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమంటూ ఒక భాగమే రాశాడు. నేటికీ ఉగాదికి కన్నడ భక్తులు ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి కైలాసద్వారం ఎక్కుతారు. అయితే కష్టమే పుణ్యమైతే ఒక చిక్కు వస్తుంది. తేనె కోసం, జిగురు కోసం, గడ్డల కోసం ఇదే అడవిలో చెంచులు తరతరాలుగా నడుస్తున్నారు. యాత్రికుడు ఏడాదికోసారి పడే శ్రమ వారికి రోజువారీ బతుకు. ఆ నడకను ఎవరూ తపస్సనరు, దానికి పుణ్యం లెక్కకట్టరు. కండరాల్లో మంట ఇద్దరికీ ఒకటే అయినప్పుడు ఒకరిది తపస్సు, ఇంకొకరిది కూలి ఎలా అవుతుంది? నొప్పి ఏ ఒక్కరికీ ప్రత్యేక అర్హత ఇవ్వదని ఒప్పుకోక తప్పదు.

మరి తపస్సుకు కొలత ఏది? భగవద్గీత పదిహేడో అధ్యాయం దీనికి సూటిగా సమాధానం చెబుతుంది. శరీరంతో చేసే తపస్సు ఏమిటో చెప్పేటప్పుడు గీత పూజ్యులను పూజించడం, శుచి, సరళత, బ్రహ్మచర్యం, అహింస అని వరుసగా చెబుతుంది. అలసట అనే మాట ఆ జాబితాలో లేదు. పైపెచ్చు, మూర్ఖపు పట్టుదలతో తనను తాను హింసించుకునే తపస్సును, ఎదుటివారికి చేటు తలపెట్టే తపస్సును తామసమని తోసేస్తుంది. మెప్పు కోసం, డంబం కోసం చేసేది రాజసమని, అది నిలవదని చెబుతుంది. మౌనాన్ని మానసిక తపస్సులో చేరుస్తుంది. నా వాదనకు ఆధారం ఇదే. దేహంతో చేసే తపస్సుకు విలువ కట్టాలంటే మనం ఎంత బాధపడ్డామో కాదు, మన రాకవల్ల ఇతర ప్రాణులకు ఎంత బాధ తప్పిందో చూడాలి. ఆ లెక్కన నల్లమల దారిలో సైకిల్‌కు నిజమైన ధార్మిక విలువ ఉంది.

ఎందుకో ఆ దారినే చూస్తే తెలుస్తుంది. ఈ రోడ్లను రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలకు మూసేస్తున్నారు. రాత్రివేళ రోడ్డు దాటే దుప్పులు, కణుతులు, చిరుతలు, ఎలుగుబంట్లు చక్రాల కింద పడకుండా పెట్టిన కట్టడి అది. పగలు మాత్రం కారు తరవాత కారు, హారన్లు, కిటికీలోంచి కోతులకు విసిరే అరటిపండ్లు, బిస్కెట్లు. ఆ తిండికి మరిగి కోతులు అడవిలో మేత వెతుక్కోవడం మాని రోడ్డు పక్కనే కాపు కాసి, టైర్ల కింద పడుతున్నాయి. జాలితో విసిరిన పండే వాటి ప్రాణం మీదికి వస్తోంది. ఎత్తు ఎక్కుతున్న సైకిల్ సంగతి వేరు. చిన్న గేరులో మనిషి వేగం నడకకు కాస్త పైన ఉంటుంది. ఊపిరి సరిపోక మాట దానంతట అదే ఆగిపోతుంది. ఇంజను చప్పుడు లేదు, పొగ లేదు. ఇప్ప, తునికి, నల్లమద్ది చెట్ల మధ్య ఎండుటాకుల అలికిడి చెవికి అందుతుంది. కారులో వెళ్లేవాడికి అడవి అద్దం అవతలి బొమ్మ. సైకిల్ మీద వెళ్లేవాడు ఆ అడవి ఎండలో, గాలిలో, పల్లంలో ఉంటాడు. తాను పరాయి ఇంటికి వచ్చిన అతిథినన్న ఎరుక అతనికి తేలిగ్గా కలుగుతుంది. మల్లన్నను చెంచు మల్లయ్యగా, తమ అల్లుడిగా చెప్పుకునే మనుషుల ఊళ్ల మీదుగా వెళ్తున్నామన్న ఎరుక కూడా అందులో భాగమే.

దేవుడు అంతటా ఉన్నప్పుడు ఇంత దూరం తొక్కడం ఎందుకని అద్వైతి అడగవచ్చు. దేహమే దేవాలయమన్న వీరశైవులూ అదే అడగవచ్చు. కానీ శంకరులు ఫాలధార పంచధార దగ్గర తపస్సు చేశారని స్థలపురాణం చెబుతుంది. అక్కమహాదేవి, అల్లమప్రభువు చివరకు శ్రీశైల కదళీవనానికే చేరారని శరణుల సంప్రదాయం నమ్ముతుంది. లోపలి దేవుణ్ణి అంత గట్టిగా నమ్మినవారికీ కొండ అక్కరకు వచ్చింది. బయటి ప్రయాణం లోపలి ప్రయాణానికి అడ్డు కాదని వారి జీవితాలే చెబుతున్నాయి.

నడకే ఉత్తమం కదా, యంత్రమెందుకు అన్నది ఇంకో మాట. ఒంటరి నడకకు నేనూ పెద్దపీటే వేస్తాను. కానీ పండగకు వేలమంది ఒకే అడవిబాటలో నడిస్తే నీటి సీసాలు, పాలిథిన్ సంచులు వాగుల్లో మిగులుతాయి. కాళ్లతో వెళ్లినంత మాత్రాన అహింస సిద్ధించదు. ఇదే కొలత ముసలివారికి, జబ్బుపడ్డవారికి ఊరట కూడా. యాభైమందిని ఒక్కసారిగా చేర్చే ఆర్టీసీ బస్సు అడవికి పది కార్లకన్నా తేలిక. ఆ బస్సెక్కిన అమ్మమ్మ వ్రతం ఘాట్ తొక్కిన కుర్రాడి వ్రతానికి ఏ మాత్రం తీసిపోదు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ సైకిల్ మీదే ఉంది. సైకిల్ చప్పుడు చేయదు కాబట్టి దిగుడులో వేగంగా వచ్చినప్పుడు జంతువుకు ముందుగా తెలియదు. మలుపు తిరగ్గానే ఎదురుపడితే అది బెదురుతుంది, ఎలుగైతే మీద పడుతుంది. ఈ మాటలో నిజముంది. ఎక్కుడులో దానంతట అదే వచ్చిన నిదానాన్ని దిగుడులో బ్రేకు పట్టి తెచ్చుకోవాలి. నిజానికి వ్రతం అక్కడే మొదలవుతుంది. ఎక్కేటప్పుడు నెమ్మదిగా వెళ్లడం కాళ్ల బలహీనత, వేగం చేతికందినా వద్దనుకోవడమే నియమం. ఏ మలుపును ఎన్ని నిమిషాల్లో కొట్టామో ఫోన్లో చూసుకుని పదిమందికి చాటే తొక్కుడుకు గీత రాజసమని ఎప్పుడో పేరు పెట్టింది. ఆటగా అది మంచి ఆటే, తప్పుబట్టను. దాన్ని యాత్ర అని మాత్రం అనలేను. దోర్నాల వైపు నుంచి వచ్చేవారికి గుడికన్నా ముందు సుమారు 2,830 అడుగుల ఎత్తున శిఖరేశ్వరం వస్తుంది. అక్కడ నువ్వులు వేసి నందిని తిప్పి, కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరాన్ని వెతుక్కుంటారు. చూస్తే మరుజన్మ లేదంటారు. ఆ చూపుకు ఒక్క నిమిషం నిలబడలేనివాడు ఎంత ఎత్తు ఎక్కినా ఏం ఎక్కినట్టు?

ఈ దారిలో తొక్కాలనుకునేవారికి నా విన్నపం ఒక్కటే. శివరాత్రి, ఉగాది రద్దీ రోజులు వదిలేయండి. ఉదయం 6కు గేటు తీశాకే బయలుదేరి, చీకటి పడకముందే సున్నిపెంటకో దోర్నాలకో చేరుకోండి. తారు రోడ్డు దిగి కాలిబాటల్లోకి సైకిల్ తిప్పకండి. కోతులకు ఏమీ పెట్టకండి. చెవుల్లో పాటలు వద్దు, తెచ్చుకున్న సీసా మీతోనే వెనక్కి రావాలి.