గర్భనిరోధము ధర్మవిరుద్ధమా?

మహాభారతము ఆదిపర్వమునందు జరత్కారుడను మహర్షి కథ కలదు. బ్రహ్మచర్యమును అవలంబించి, తపోనియమములచే శరీరమును శోషింపజేసికొనుచు దేశాటనము చేయుచున్న ఆ ముని, ఒకచోట గోతిలోనికి తలక్రిందులుగా వ్రేలాడుచున్న కొందఱిని చూచెను. వారు ఆధారముగా పట్టుకొనియున్న అవురుగడ్డి దుబ్బును ఒక ఎలుక కొఱుకుచుండెను. ఒక్క వేరు మాత్రమే మిగిలియుండెను. వారు తన పితరులే యనియు, ఆ మిగిలిన వేరు తానే యనియు, తనకు సంతానము లేనిచో వారికి ఊర్ధ్వగతి లేదనియు తెలిసికొని ఆయన వివాహమునకు అంగీకరించెను.

ఇక సంతానము చాలునని దంపతులు తలపోసినపుడు మన యిండ్లలో పెద్దవారి మనస్సున కదలెడి భయమునకు మూలము, వారు ఆ కథను చదివియున్నను చదువకున్నను, ఆ గోతిలోనే యున్నది. దానిని మూఢవిశ్వాసమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. మనకు ముందున్నవారికి మనము బాకీ పడియున్నామను భావము మానవుని అహంకారమును అణచుటకు మన పూర్వులు కనుగొనిన మహాభావములలో నొకటి. అయితే కథను సగములో విడువరాదు. జరత్కారునికి కలిగినది ఆస్తీకుడను ఒక్క కుమారుడే. భార్య గర్భవతియైన పిమ్మట ఆ ముని మరల తపస్సునకే వెడలిపోయెను. పితరులకు అంతటితోనే సద్గతి కలిగెను. సర్పయాగమును ఆపి ఒక జాతినంతను రక్షించినవాడును ఆ యొక్క కుమారుడే.

ఋణము ఒక్క సంతానముతో తీరుననుట కథకు మాత్రమే పరిమితమైన మాట కాదు. బ్రాహ్మణుడు మూడు ఋణములతో జన్మించుననియు, బ్రహ్మచర్యముచే ఋషులకును, యజ్ఞముచే దేవతలకును, సంతానముచే పితరులకును వానిని తీర్చవలెననియు తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది గాని, ఎందఱు బిడ్డలు కావలెనో చెప్పుట లేదు. ఆ లెక్కను మనువు తొమ్మిదవ అధ్యాయమున తేల్చినాడు. ఎవని పుట్టుకచే తండ్రి ఋణవిముక్తుడగునో ఆ జ్యేష్ఠుడే ధర్మజుడు, తక్కినవారు కామజులు. ఈ మాట కఠినము. రెండవ బిడ్డగా పుట్టినవాడెవడును దీనిని సంతోషముతో వినడు. కూతురి ప్రసక్తియే ఇందు లేకపోవుట నన్ను బాధించుచున్నది. కాని పదిమందిని కనుట ధర్మమనియు, ఇద్దఱితో ఆపుట అధర్మమనియు శాస్త్రము పేరిట పలుకువారికి ఇంతకంటె స్పష్టమైన సమాధానము ఆ శాస్త్రముననే మరియొకటి దొరకదు.

ఇందుకు విరుద్ధమైన వాక్యము లేకపోలేదు. ఋతుస్నాతయైన భార్య చెంతనే యుండియు ఆమెను పొందని భర్తకు ఘోరమైన భ్రూణహత్యాదోషము కలుగునని పరాశరస్మృతి శాసించుచున్నది. గర్భనిరోధమును నిషేధింపదలచినవారికి ఇదియే బ్రహ్మాస్త్రము. దీనిని ఉన్నదున్నట్లుగా గ్రహించినచో సాధనములను వాడువారే కాదు, బ్రహ్మచర్యవ్రతము పట్టిన గృహస్థుడును, పురిటినుండి లేచిన భార్యకు ఏడాదిపాటు విశ్రాంతి నొసగిన భర్తయును హంతకులే కావలసివచ్చును. మనువు మాత్రము మూడవ అధ్యాయమున, నిషిద్ధరాత్రులతోపాటు మఱి యెనిమిది రాత్రులను విడిచిన గృహస్థుని ఏ ఆశ్రమమున నున్నను బ్రహ్మచారియే యని ప్రశంసించినాడు. ఈ రెండు వాక్యములను కాలమును బట్టి సమన్వయింపవలెనే గాని వేఱు మార్గము లేదు. పుట్టిన బిడ్డలలో ఎందఱు దక్కుదురో ఏ తల్లికిని తెలియని కాలమునకు చెందినది పరాశరుని శాసనము. స్మృతికాలమును అటుంచుదము, 1951 ప్రాంతమున సైతము మన దేశమున సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు మాత్రమే. వంశము నిలుచుటయే సందేహమైన చోట ఒక్క ఋతుకాలము వ్యర్థమగుటయు ఘోరముగా తోచుటలో ఆశ్చర్యము లేదు. భార్యను ఉపేక్షించు భర్తను దండించుటయు ఆ స్మృతికారుని ఉద్దేశములలో నొకటి యని నా నమ్మకము.

స్మృతికంటె బలవత్తరమైనది శ్రుతి. బృహదారణ్యకోపనిషత్తు ఆఱవ అధ్యాయమున సంతానమును కోరు దంపతులకు విధులు చెప్పబడినవి. పండితురాలైన కూతురు కావలెనని కోరువారికి సైతము అందొక విధి కలదు. వానికి కొంచెము ముందుగా, గర్భము కలుగరాదని కోరువాడు చేయవలసినదియు, కలుగవలెనని కోరువాడు చేయవలసినదియు ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. అందలి శ్వాసమంత్రముల వలన గర్భము ఆగునని ఎవరును భ్రమపడరాదు, ఆగదు. కాని గర్భము వద్దను కోరికను ఆ ఋషి దోషముగా ఎన్నలేదు, ప్రాయశ్చిత్తము విధింపలేదు. కావలెనను కోరికకు ఇచ్చిన చోటునే దానికిని ఇచ్చినాడు. మన వాదోపవాదములలో ఈ మంత్రభాగము ప్రస్తావనకే రాకపోవుట శోచనీయము.

అయినను సామాన్యగృహిణిని పీడించునది ఋణభయముకంటె హత్యాభయము. ఒక పల్లెటూరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున, నెలల బిడ్డను ఒడిలో నుంచుకొని తలవంచి కూర్చున్న కోడలి పక్షమున అత్తగారు అడుగగా విన్నాను. “కాపర్-టీ అంటే లోపల పడ్డ ప్రాణాన్ని నలిపేసేదేగదమ్మా నర్సమ్మా? ఆ పాపం మా పిల్లకెందుకు?” నర్సమ్మ విసుగుకొనలేదు. “లోపల పడ్డాక చేసేదేం లేదు పెద్దమ్మా, పడకుండా చూసేదే ఇది” అని, చూపుటకై బల్లసొరుగులో ఉంచిన కాపర్-టీని తీసి ఆమె అరచేతిలో పెట్టినది. అంగుళమున్నరకు లోపు పొడవుగల తెల్లని ప్లాస్టిక్ ముక్క. పైన అడ్డముగా రెండు చేతులు. నిలువుకాడకు చుట్టిన సన్నని రాగి తీగ. క్రింద రెండు దారములు. ఆ ముసలమ్మ దానిని వెలుతురునకు త్రిప్పి చాలసేపు చూచి, “ఇంతేనా?” అన్నది.

ఆమె ప్రశ్న శాస్త్రీయమైన ప్రశ్న. ప్రాణి ఎప్పుడు ఏర్పడునో తెలియక హత్య జరిగినదో లేదో చెప్పుట ఎట్లు? శుక్రశోణితముల సంయోగమున జీవుడు వచ్చి చేరినపుడే గర్భమేర్పడునని చరకసంహిత శారీరస్థానము చెప్పుచున్నది. నేటి వైద్యులు చూపు క్రమము దీనికి విరుద్ధము కాదు. స్త్రీ అండాశయమునుండి, రాబోవు ముట్టుకు సుమారు 14 దినములు ముందుగా, ఒక అండము వెలువడును. దాని ఆయువు 12 మొదలు 24 గంటలు. పురుషబీజములు స్త్రీ శరీరమున 5 దినములవఱకు జీవింపగలవు. ఈ రెండును అండవాహికలో కలిసినపుడే అంకురము. ఆ అంకురము గర్భాశయమునకు చేరి దాని గోడను అంటుకొనుటకు మఱి వారము దినములు పట్టును. మాలా-ఎన్ వంటి మాత్రలు పీయూషగ్రంథిని అదుపుచేసి అండము వెలువడకుండ చేయును. గర్భాశయ కంఠమునందలి జిగురును చిక్కబఱచి బీజమునకు త్రోవ లేకుండ చేయును. మూడు నెలలకొకమారు వేయు ‘అంతర’ యను సూదిమందును అట్టిదే. నిరోధ్ తొడుగు బీజమును లోనికే పోనీయదు. సుఖవ్యాధులనుండి కాపాడు గుణము కూడ దానికున్నది. కాపర్-టీ నుండి వెలువడు రాగి పురుషబీజములను నిర్వీర్యము చేయును. పదేండ్లు పనిచేయు రకములున్నవి, బిడ్డ కావలెనన్నపుడు తీయించుకొనవచ్చును. 72 గంటలలోపల మ్రింగు అత్యవసరమాత్ర అండము వెలువడుటను వెనుకకు నెట్టును. గర్భము అప్పటికే నిలిచియున్నచో దానిని ఏమియు చేయదు. వీనిలో ఎక్కడను భ్రూణము లేదు. లేనిదానిని చంపుట ఎట్లు?

సత్యము చెప్పవలెనన్న ఇందు ఒక సూక్ష్మభేదము కలదు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టినదియు, నేడు ఛాయ యను పేర ప్రభుత్వము ఇచ్చునదియునైన వారపు మాత్ర ముఖ్యముగా గర్భాశయపు లోపొరను మార్చి, అంకురము అచట కుదురుకొనకుండ చేయును. అరుదుగా కాపర్-టీయును అట్లు చేయవచ్చును. సంయోగక్షణమునుండియే జీవుడున్నాడని దృఢముగా నమ్ము దంపతులకు ఈ సంగతి దాచక చెప్పవలెను; వారు వేఱొక సాధనమును ఎన్నుకొందురు. వైద్యశాల వారి మనస్సాక్షికి ఈయవలసిన గౌరవమిదియే.

ఇతర మతములలోను ఈ చర్చ నడచినది. ఇస్లాము పండితుడు ఇమాము గజాలీ, పురుషుడు వీర్యమును వెలుపల విడుచు పద్ధతిని ప్రస్తావించి, భార్య ప్రాణరక్షణకును, అధికసంతానము వలని కష్టములకు వెఱచియు అట్లు చేయుట నిషిద్ధము కాదనియు, ఇది గర్భస్రావమువంటిది కాదనియు నిర్ణయించెను. 1930లో ఆంగ్లికన్ బిషప్పులు లాంబెత్ సభలో కొన్ని నియమములతో కృత్రిమసాధనములను అంగీకరింపగా, ఆ సంవత్సరాంతముననే పోపు పదకొండవ పయస్ వానిని ఖండించెను. 1968లో ఆఱవ పాల్ ఆ ఖండనమును స్థిరపఱచి, గర్భము నిలువని దినములను ఎంచుకొనుటకు మాత్రము అనుమతించెను.

ఆ దినముల పద్ధతి నన్ను గాంధీమహాత్ముని దగ్గరకు తీసికొని పోవుచున్నది. 1935 డిసెంబరులో అమెరికానుండి మార్గరెట్ సాంగర్ వార్ధాకు వచ్చి ఆయనతో ఈ విషయమును చర్చించెను. పేదస్త్రీల పురిటిమరణములను, చాటుమాటు గర్భస్రావములను కన్నులార చూచిన నర్సు ఆమె. స్వయముగా బ్రహ్మచర్యవ్రతము పట్టి దశాబ్దములు గడపిన గృహస్థు ఆయన. ఇరువురును స్త్రీ విముక్తినే కోరినవారు. సాధనములు భోగలాలసను పెంచి స్త్రీని ఇంకను పురుషుని క్రీడావస్తువుగా చేయుననియు, భార్యలు భర్తలను నిరాకరించుట నేర్వవలెననియు గాంధీ వాదించెను. గర్భము నిలువని దినముల పద్ధతి మాత్రము, కొంత నిగ్రహము కలది గనుక, ఆయనకు తక్కినవానియంత అనిష్టముగా తోచలేదు. ఎవరును రెండవవారిని ఒప్పింపలేకపోయిరి.

ఆయన ఆదర్శమునకు నేను శిరస్సు వంచెదను. సంయమము మానవుని ఎత్తున నిలుపుననుటలో నాకు సంశయము లేదు. కాని సంయమము ఎవనికి వానికి స్వంతమైన వ్రతము. ఒకరు పట్టిన వ్రతమునకు వేఱొకరు ఉపవసింపజాలరు. త్రాగి వచ్చిన భర్తను నిరాకరింపవలెనని ఉపదేశము పొందిన భార్య, ఆ రాత్రి నిరాకరింపలేకపోయినచో, తొమ్మిది నెలల ఫలమును మోయవలసినది ఆమెయే. దినములెంచు పద్ధతికి సైతము భర్త సహకారము కావలెను. పాలిచ్చు తల్లికి ముట్టు తిరిగి రాకమునుపే అండము వెలువడవచ్చును గనుక, లెక్కింపదగిన దినమే ఆమెకు తెలియదు. వ్రతము నిలుపలేని ఇంట నిలుచునట్టి సాధనమొకటి ఆమె చేతనుండుట ధర్మమునకు హాని యెట్లగును? ధర్మమునకు విరుద్ధము కాని కామము తానేనని కృష్ణుడు గీతలో చెప్పినపుడు, దంపతుల అనురాగమును సంతానార్థమని, వ్యర్థమని రెండుగా చీల్చలేదు.

సంయమమును బలవంతముగా రుద్దరానట్లే నిరోధమును రుద్దరాదు. అత్యవసర పరిస్థితి కాలమున, 1976-77 సంవత్సరములో, దేశమున పిల్లలు కలుగకుండ చేయు ఆపరేషన్లు 80 లక్షలకు పైగా జరిగినవి. వానిలో అధికభాగము పురుషులకే. జీతములు ఆపుదుమని బెదరించి, లక్ష్యములు విధించి, ఇష్టములేనివారిని ఈడ్చుకొనిపోయి చేసిన ఆ పని, బిడ్డను కనవలసినదేనని భార్యను నిర్బంధించు భర్త చేయు పనికంటె భిన్నమైనది కాదు. రెంటిలోను శరీరము ఒకరిది, నిశ్చయము మరియొకరిది. దాని పరిణామము మఱింత విషాదకరము. భీతిల్లిన పురుషులు తమకు చేయు ఆపరేషనైన వేసెక్టమీకి దూరమైరి. ఏ ప్రభుత్వమును మరల వారిని గట్టిగా అడుగుటకు సాహసింపలేదు. భారమంతయు స్త్రీలమీదికి మఱలినది. నేడు ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో పదింట ఏడుగురు పిల్లల ఆపరేషన్ చేయించుకొన్నవారే, అందు పెక్కుమంది ఇరువదియైదేండ్లు నిండకమునుపే. అది చేయించుకొన్న భర్తలు నూటికొక్కరు కూడ లేరు. ఇద్దఱు బిడ్డలను కని, రక్తహీనతతో నుండి, కడుపు కోయించుకొనవలసినదియు ఆమెయే యని నిశ్చయించునప్పుడు మన ఇండ్లలో ఎవరును శాస్త్రమును అడుగరు.

ధర్మజిజ్ఞాస కలిగిన గృహస్థుడు ఇచట మొదలుపెట్టవలెనని నా అభిప్రాయము. వేసెక్టమీ కొద్ది నిమిషముల పని. కోత లేని పద్ధతిలో చిన్న రంధ్రమే చాలును. ఆసుపత్రిలో పడుకొనవలసిన పని లేదు. పురుషత్వమునకు గాని, బలమునకు గాని లోపము రాదు, ఏలయనగా వృషణములను అది తాకదు, బీజము నడచు నాళమును మాత్రమే మూయును. స్త్రీకి చేయు ఆపరేషన్‌కంటె అపాయము తక్కువ. కాని నాళములో అదివరకే యున్న బీజములు తొలగుటకు సుమారు మూడు నెలలు పట్టును. అంతవఱకు నిరోధ్ వాడి, పిదప వీర్యపరీక్షలో బీజములు లేవని నిర్ధారణ చేసికొనవలెను. ఆ పరీక్షకు పోక, “అయిపోయిందిగా” అని ఊరకుండి, తరువాత భార్య గర్భవతియైనపుడు ఆమె శీలమును శంకించిన భర్తలు కలరు. ఆ పరీక్షాపత్రమును స్వయముగా తెచ్చి ఆమెకు చూపుట భర్త విధి.