మన కొట్లో ఎవరు కొంటారు?

పదో తరగతి ఫలితాలు రాగానే తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని మా దగ్గరికి వస్తారు. "ఏ గ్రూపులో చేర్పించమంటారు?" అని అడుగుతారు. ఎం.పి.సి., బై.పి.సి. తప్ప మరో పేరు వాళ్ళ నోట రాదు. సి.ఇ.సి. అంటే మార్కులు రానివాళ్ళ గ్రూపని అప్పటికే ఎవరో చెప్పి ఉంటారు.

కొన్నేళ్ళ కిందట ఒక తాపీ మేస్త్రీ కూతురితో వచ్చాడు. తల్లి ఉన్న డ్వాక్రా సంఘం పుస్తకాలు ఆ అమ్మాయే రాసేది. ఎవరి పొదుపు ఎంత, ఎవరి అప్పు ఎంత, వడ్డీ ఎంత అన్నీ చూడకుండా చెప్పేది. కామర్స్ చదువుతానంది. తండ్రి ఒప్పుకోలేదు. "మన చేతి నీళ్ళు తాగడానికే వెనకాడే ఊళ్ళో, మన కొట్లో సరుకు ఎవరు కొంటారు సార్?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. బై.పి.సి.లో చేర్పించమన్నాం. ఆ పిల్ల ఇక నోరు విప్పలేదు.

భయంతో చేసుకున్న ఎంపిక ఎంపిక అవుతుందా? అప్పటినుంచి ఈ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

ఆ తండ్రి భయం ఉత్తది కాదు. విదేశంలో అర్థశాస్త్రం చదివి వచ్చిన బాబాసాహెబ్ బొంబాయిలో పెట్టుబడుల సలహా వ్యాపారం మొదలుపెడితే, కులం తెలిశాక ఖాతాదారులు ముఖం చాటేశారు. అది మూతపడింది. అయినా ఆ విద్యను ఆయన వదల్లేదు. 1918లో సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాలలో ఆచార్యులయ్యారు. 1923లో రూపాయి సమస్యపై గ్రంథం వెలువరించారు.

వ్యాపారం ధమ్మానికి దూరమని మన ఉపాసకుల్లోనే కొందరంటారు. బుద్ధుడు అలా అనలేదు. సంబోధి తర్వాత ఆయనకు ఆహారం సమర్పించిన తపుస్సుడు, భల్లికుడు వర్తకులు. జేతవనం దానమిచ్చిన అనాథపిండికుడు శ్రేష్ఠి. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం, ఈ ఐదింటి వ్యాపారం మాత్రం ఉపాసకులు చేయకూడదన్నాడు. సంపాదనను నాలుగు పాళ్ళు చేసి ఒకటి అనుభవించమని, రెండు పనిలో పెట్టమని, ఒకటి ఆపదకు దాచమని సిగాలుడికి బోధించాడు. ఇది జమాఖర్చుల పాఠం కాదా? మన అమరావతి స్తూపానికి దానమిచ్చిన వారిలో వర్తకులే కాదు, విధికుడనే చర్మకారుడూ ఉన్నాడు. ఆయన పేరు ఇప్పటికీ రాతి మీద ఉంది.

ఏ వృత్తినైనా, వ్యాపారాన్నైనా చేసుకునే హక్కును రాజ్యాంగం 19(1)(జి) అధికరణంలో ఇచ్చింది. లా చదివిన మాకు అది కంఠతా వచ్చు. ఆ పిల్ల ముందు మాత్రం గుర్తు రాలేదు. హక్కు ఒక్కటే పెట్టుబడి తెచ్చిపెట్టదు, కామర్స్ చదివినంత మాత్రాన కులం పోదు. కానీ లెక్క రాని వాడి లెక్క ఎప్పుడూ ఎదుటివాడే రాస్తాడు.

మార్కులు తక్కువని హాస్టల్ పిల్లల్ని అడగకుండానే సి.ఇ.సి.లోకి తోసేయడమూ చూశాం. అదీ అంతే తప్పు. చేతనే కర్మ అన్నాడు బుద్ధుడు. పిల్లల చేతన లేకుండా జరిగే చేరిక వాళ్ళది కాదు, మనది.

ఇప్పుడు మేము ముందు పిల్లనే అడుగుతున్నాం: "నీకేది ఇష్టమమ్మా?" మన కొట్లో ఎవరు కొంటారన్నది ఊరిని నిలదీసి పెద్దలు తేల్చాల్సిన ప్రశ్న. ఆ బరువు పదిహేనేళ్ళ పిల్ల చదువు మీద పెట్టడం ధమ్మం కాదు.

జై భీమ్. నమో బుద్ధాయ.