భయపడి మారినవాడు, ప్రేమించి మారినవాడు

భద్రమైన అభ్యంగనానికి సిద్ధపడుతున్న పిల్లలకు ఒక ఆదివారం పవిత్రాత్మ ఏడు వరాలు చెబుతున్నాను. ఏడవ వరం దైవభీతి. "దైవభీతి అంటే ఏమిటి?" అని అడిగాను. ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడొకడు చటుక్కున లేచి, "తప్పు చేస్తే దేవుడు కళ్ళు పోగొడతాడు ఫాదర్!" అన్నాడు. పిల్లలంతా గొల్లున నవ్వారు. "ఎవరు చెప్పార్రా?" అంటే, "మా అమ్మ" అన్నాడు. నేను కూడా నవ్వి, "అది పాతకాలపు మాట. యూదులు దేవుణ్ణి చూసి భయపడేవారు. యేసుప్రభువు వచ్చి దేవుణ్ణి ప్రేమించమని నేర్పాడు" అని చెప్పి ముందుకు సాగిపోయాను.

ఆ రాత్రి ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. పిల్లవాడి జవాబు కాదు, నా జవాబు. పాతిక సంవత్సరాలుగా ప్రసంగాలలో ఇదే మాట ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! పూర్వవేదం భయం, నూతనవేదం ప్రేమ. వినడానికి సొంపుగా ఉంటుంది, చెప్పడానికి తేలికగా ఉంటుంది. అయితే అది నిజమేనా?

నిజం కాదు. ప్రధానమైన ఆజ్ఞ ఏదని ధర్మశాస్త్ర బోధకుడు అడిగినప్పుడు యేసుప్రభువు కొత్త ఆజ్ఞను కల్పించి చెప్పలేదు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయాన్ని గుర్తు చేశాడు. పూర్ణ హృదయంతో, పూర్ణ ఆత్మతో, పూర్ణ శక్తితో దేవుణ్ణి ప్రేమించాలన్న ఆ వాక్యాన్ని భక్తిగల యూదుడు నేటికీ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పఠిస్తాడు. అదే అధ్యాయంలో కొన్ని వచనాల తరువాత దేవునికి భయపడాలన్న ఆజ్ఞ కూడా ఉంది. పదవ అధ్యాయంలోనైతే భయపడడం, ప్రేమించడం రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉన్నాయి. మోషేకు ఆ రెంటి మధ్య గొడవ కనిపించలేదు. గొడవ పెట్టింది మనమే. యూదులను దేవుడు తోసిపుచ్చినట్లు, శపించినట్లు బోధించకూడదని 1965లో రెండవ వాటికన్ మహాసభ స్పష్టంగా చెప్పింది. సెమినరీలో ఆ పత్రం చదివి పరీక్ష రాసిన నేనే, యూదులది ప్రేమ తెలియని మతమన్నట్లు పిల్లలకు చెబుతున్నాను. యూదులంటే ఎక్కడో దూరదేశం వారని కూడా అనుకోనక్కరలేదు. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తమను చెప్పుకొనే తెలుగు కుటుంబాలు యూదుల ప్రార్థనలు చేసుకుంటూ జీవిస్తున్నాయి.

మన భాషలో ఒక చక్కని మాట ఉంది: భయభక్తులు. భయాన్ని, భక్తిని మనవాళ్ళు ఒకే మాటగా కలిపేశారు. హీబ్రూ భాషలో 'యిరా' అనే పదం కూడా అలాంటిదే. దెబ్బలకు జడిసే భయానికీ అదే మాట, మహిమ ముందు తల వంచే వినయానికీ అదే మాట. ఏ అర్థంలో వాడారో సందర్భాన్నిబట్టి తెలుసుకోవాలి.

యోహనాన్ బెన్ జక్కాయి అనే రబ్బీ క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం నాశనమైన కాలంలో జీవించిన గొప్ప బోధకుడు. ఆయన మరణశయ్యపై ఉండగా శిష్యులు దీవించమన్నారట. మనుష్యులకు మీరు ఎంత భయపడతారో దేవునికీ అంత భయపడే భాగ్యం మీకు కలుగుగాక అని దీవించాడట. శిష్యులు, "అంతేనా, గురువుగారూ?" అన్నారు. అంతమాత్రమైనా ఉంటే చాలునన్నాడు ఆయన. పాపం చేసేవాడు ఎవరైనా మనిషి చూస్తాడేమోనని చుట్టూ చూసుకుంటాడు గాని, దేవుడు చూస్తున్నాడని అనుకోడు కదా! ఈ ముచ్చట చదివినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది, వెంటనే సిగ్గు కూడా వేస్తుంది. ఊరిలో పరువు పోతుందని మానుకున్న పాపాలెన్ని, దేవుణ్ణి తలచుకొని మానుకున్నవెన్ని అని లెక్క వేసుకుంటే ఎవరికి మాత్రం సిగ్గు వేయదు?

పశ్చాత్తాపానికి యూదులు వాడే మాట 'తెషువా'. దాని అర్థం తిరిగి రావడం. ఏడుపు కాదు, గుండెలు బాదుకోవడం కాదు. దారి తప్పినవాడు వెనక్కు తిరిగి ఇంటిముఖం పట్టడం. తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గరనుండి లేచి బయలుదేరాడు చూడండి, అదీ తెషువా. అయితే అతడు ఎందుకు లేచాడు? సువార్తను జాగ్రత్తగా చదవండి. ఆకలి వేసి లేచాడు. తండ్రిమీద ప్రేమ పొంగి కాదు. నాన్న ఇంట్లో కూలివాళ్ళకు కూడా కడుపునిండా తిండి దొరుకుతుందన్నదే అతని ఆలోచన. ప్రేమ పొంగింది తండ్రిలో. పరుగెత్తింది తండ్రి. కుమారునిలో ప్రేమ ఎప్పుడు పుట్టిందో సువార్త చెప్పలేదు. తండ్రి మెడను కౌగిలించుకున్నప్పుడేనేమోనని నాకు అనిపిస్తుంది.

ఈ విషయమే యూదుల తాల్మూదు గ్రంథంలో ఒక విచిత్రమైన చర్చగా వచ్చింది. మూడవ శతాబ్దంలో గలిలయ సరస్సు ఒడ్డున ఉన్న తిబెరియలో రేష్ లకీష్ అనే రబ్బీ ఉండేవాడు. పశ్చాత్తాపం ఎంత గొప్పదంటే బుద్ధిపూర్వకంగా చేసిన పాపాలను అది పొరపాట్లుగా మార్చేస్తుందని ఆయన బోధించాడు. ఇంకొకచోట ఆయనే, ఆ పాపాలు పుణ్యాలుగా మారతాయని అన్నట్లు ఉంది. ఒకే మనిషి రెండు మాటలు ఎలా అన్నాడు? రెండూ సరైనవేనని తాల్మూదు తేలుస్తుంది. భయంవల్ల పశ్చాత్తాపపడినవాని పాపాలు పొరపాట్లుగా లెక్కింపబడతాయి. ప్రేమవల్ల పశ్చాత్తాపపడినవాని పాపాలు పుణ్యాలవుతాయి.

మొదటి మాట అర్థం చేసుకోవచ్చు. రెండవది మింగుడు పడదు. తత్వశాస్త్రం చదివిన నాకు మరీ మింగుడు పడలేదు. జరిగిపోయినది జరగకుండా చేయడం దేవునికి కూడా సాధ్యం కాదని పునీత తోమాసు అక్వినాసు బోధించాడు. దొంగతనం దొంగతనమే. అది దానధర్మం ఎలా అవుతుంది?

నాకు తోచినది చెబుతాను. భయపడి మారినవాడు తన పాపాన్ని చూసి పారిపోతాడు. దానిని పాతిపెట్టి, దానిమీద మట్టి వేసి, అటువైపు మళ్ళీ చూడడు. అది మంచిదే. కాని ఆ పాపం అక్కడే చచ్చిపడి ఉంటుంది, ఎవరికీ ఉపయోగం లేకుండా. ప్రేమతో మారినవాడు అలా కాదు. తాను ఎంత దూరం పోయాడో ఆ దూరమంతా ఇప్పుడు అతనికి దేవుని వైపు పరుగెత్తే బలం అవుతుంది. పునీత పేతురును చూడండి. నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ మూడుసార్లు బొంకాడు. పునరుత్థానం తరువాత ప్రభువు మళ్ళీ నిప్పుల దగ్గరే అతన్ని మూడుసార్లు ప్రశ్నించాడు. నాకు భయపడుతున్నావా అని అడగలేదు, ప్రేమిస్తున్నావా అని అడిగాడు. బొంకిన సంగతి చెరిగిపోలేదు. నాలుగు సువార్తలూ దాన్ని రాసిపెట్టాయి. పడిపోయినవాడు కనుకనే పడిపోయిన సోదరులను నిలబెట్టగలిగాడు. రేష్ లకీష్ చెప్పింది ఇదే అయి ఉండాలి.

అయితే పాపం చేసి తరువాత పశ్చాత్తాపపడితే సరిపోతుంది కదా, పైగా పుణ్యం కూడా వస్తుంది కదా అని ఎవరికైనా తోచవచ్చు. రబ్బీలు అమాయకులు కారు. పాపం చేస్తాను, పశ్చాత్తాపపడతాను అని ముందే లెక్క వేసుకొనేవానికి పశ్చాత్తాపపడే అవకాశమే చిక్కదని వారు ముందుగానే హెచ్చరించారు. క్రిస్మస్‌కు ముందు పాపసంకీర్తనం చేసుకోవచ్చులే అని పండుగ సరుకులతోపాటు దాన్ని కూడా చీటీలో రాసుకొనేవారు మనలో లేకపోలేదు.

పన్నెండవ శతాబ్దంలో స్పెయిను దేశంలోని కొర్డోబాలో పుట్టి, ఈజిప్టులో వైద్యుడుగా జీవించి, 1204లో మరణించిన మైమోనిదెసు ఈ విషయాన్ని ఇంకా నిక్కచ్చిగా పరీక్షించాడు. సంపూర్ణమైన పశ్చాత్తాపం అంటే ఏమిటి? ఏ పాపం చేశావో అదే అవకాశం మళ్ళీ వచ్చింది. అదే స్థలం, అదే మనిషి, శరీరంలో అదే శక్తి. అయినా చేయలేదు. భయంవల్ల కాదు, చేతకాకా కాదు, మనసు మారినందువల్ల. వైద్యుడు కదా, రోగులను చూసి చూసి ఈ మాట రాసి ఉంటాడు. లివరు పాడైందని డాక్టరు చెప్పాక సారా మానినవాడు పాపం మానాడా, సారా అతన్ని మానిందా? కాని మైమోనిదెసు అలాంటివాణ్ణి గెంటివేయలేదు. అది ఉత్తమమైనది కాకపోయినా అదీ పశ్చాత్తాపమే, దేవుడు దాన్నీ స్వీకరిస్తాడని రాశాడు. చిన్నపిల్లలకు, కొత్తగా నేర్చుకొనేవారికి మొదట భయంతో సేవించడమే నేర్పి, జ్ఞానం పెరిగేకొద్దీ ప్రేమతో సేవించడం మెల్లమెల్లగా నేర్పాలని కూడా చెప్పాడు.

మన తిరుసభ బోధన దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. 1551లో ట్రెంట్ మహాసభ, దేవునిపై ప్రేమతో కలిగే ఉత్తమ మనస్తాపాన్ని, నరకభయం వంటి కారణాలతో కలిగే అసంపూర్ణ మనస్తాపాన్ని వేరుచేసి చెప్పింది. ఆ రెండవది వేషధారణ కాదని, అదీ దేవుని వరమేనని, పాపసంకీర్తన సంస్కారాన్ని పొందడానికి మనిషిని సిద్ధపరుస్తుందని బోధించింది. ఆపరేషను ముందురోజు రాత్రి గురువును పిలవమని కబురు పంపేవారిని చూసి కొందరు నవ్వుతారు. నేను నవ్వను. అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలలో నడిచినవాడెవడూ నవ్వడు. భయం వారిని తీసుకువచ్చింది. తప్పిపోయిన కుమారుణ్ణి ఆకలి తీసుకురాలేదా?

అలాగని పిల్లవాడి తల్లి చెప్పింది ఒప్పని నేననను. కళ్ళు పోగొట్టే దేవుడు పెద్దయ్యాక పిల్లవాడికి మిగలడు. పదిసార్లు తప్పు చేసి, కళ్ళు పోలేదని తెలుసుకున్ననాడు వాడు అమ్మనూ నమ్మడు, దేవుణ్ణీ నమ్మడు. ఇక ఈ రోజుల్లో మాలాంటి గురువులం చేసే తప్పు ఇంకొకటి. భయం మాట ఎత్తకుండా ప్రేమ, ప్రేమ అని మాత్రమే చెప్పుకుపోతున్నాం. ప్రేమ చనువైపోయింది. దేవుడు మనవాడేలే, ఏమీ అనడులే అన్నంత దాకా వచ్చింది. సృష్టిని ధ్యానించిన మనిషికి మొదట దేవునిపై ప్రేమ పుడుతుందని, అంతలోనే తానెంత అల్పుడో తెలిసి భయంతో వెనక్కు తగ్గుతాడని మైమోనిదెసు రాశాడు. అంటే ప్రేమకు ముందు ఒక భయం, ప్రేమ తరువాత ఒక భయం. మొదటిది బానిస భయం, రెండవది బిడ్డ భయమని మన వేదాంతులు పేర్లు పెట్టారు. పునీత యోహాను తన లేఖలో ప్రేమ వెళ్ళగొడుతుందని చెప్పిన భయం మొదటిది. గల్ఫు దేశంలో గదిలో ఒంటరిగా ఉన్న కుర్రవాడు, తోటివాళ్ళు సీసా తెరిచినప్పుడు ఊళ్ళో ఉన్న తల్లిని తలచుకొని లేచి వెళ్ళిపోతాడు. తల్లి కర్ర అక్కడిదాకా రాదు. అయినా భయమే అది.

రేష్ లకీష్ సంగతి పూర్తి కాలేదు. ఆయన రబ్బీ కాకముందు దోపిడీ దొంగ అని తాల్మూదు చెబుతుంది. యొర్దాను నదిలో స్నానం చేస్తున్న యోహనాన్ అనే గొప్ప రబ్బీ (మనం పైన చెప్పుకున్న యోహనాన్ కాదు) అతన్ని కలుసుకొని, ఆ బలాన్ని ధర్మశాస్త్రానికి ఇమ్మని పిలిచి, చదువు చెప్పి, తన చెల్లెలినిచ్చి పెళ్ళి చేశాడు. ఇద్దరూ విడదీయరాని స్నేహితులయ్యారు. ఎన్నో ఏళ్ళ తరువాత ఒకనాడు, కత్తి, బాకు, బల్లెం తయారీ ఏ దశలో పూర్తయినట్లు అని పాఠశాలలో వాదన వచ్చింది. కొలిమిలో కాల్చినప్పుడని యోహనాన్, నీటిలో ముంచినప్పుడని రేష్ లకీష్. మాట పట్టింపు వచ్చి యోహనాన్, దొంగకు దొంగ పనిముట్ల సంగతి బాగా తెలుసు అనేశాడు. పాపాలు పుణ్యాలవుతాయని బోధించిన మనిషిని, అతన్ని మార్చిన గురువే, అందరి ముందు దొంగ అన్నాడు! పశ్చాత్తాపపడినవాని పాత పనులను గుర్తుచేయడం పాపమని యూదుల ధర్మశాస్త్రంలో స్పష్టంగా ఉంది. అది యోహనానుకు తెలియదా? రేష్ లకీష్ కుమిలి మంచం పట్టాడు. చెల్లెలు వచ్చి బతిమాలినా యోహనాన్ మనసు కరగలేదు. అతడు చనిపోయాడు. తరువాత యోహనాన్ బట్టలు చించుకొని స్నేహితుణ్ణి పిలుచుకుంటూ తిరిగి తిరిగి, మతి చలించి మరణించాడు.

నేను పనిచేసిన ఒక విచారణలో జైలుకు వెళ్ళి వచ్చిన ఒకాయన ఉండేవాడు. ప్రతి ఆదివారం పూజకు వచ్చి వెనుక గోడ దగ్గర నిలబడేవాడు. ఒక పండుగనాడు కానుకల లెక్క తక్కువ వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ వెనుకకు తిరిగి చూశారు. బలిపీఠం దగ్గరనుండి నేనూ చూశాను. మర్నాడు లెక్క సరిపోయింది, కూడికలో పొరపాటు. ఆయన మాత్రం మరి గుడికి రాలేదు.

ప్రాయశ్చిత్త దినం దేవునికి, మనిషికి మధ్యనున్న పాపాలను మాత్రమే తుడుస్తుందని, తోటి మనిషికి చేసిన తప్పు అతన్ని శాంతపరచేదాకా పోదని యూదుల మతం. అందుకు మూడుసార్లు వెళ్ళి అడగాలట. నేను బదిలీ అయ్యేలోగా ఆయన ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి తలుపు తీయలేదు. రెండవసారి కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, వేరే సంగతులు మాట్లాడాడు. ఆ ఊరికి ఇక్కడినుండి బస్సులో నాలుగు గంటల ప్రయాణం. మూడవసారి ఇంకా వెళ్ళలేదు.