పదిమందిపై అధిపతి

స్వీడను దేశము 1913లోనే దాదాపు ప్రజలందరికి వృద్ధాప్య పింఛను చట్టము చేసెను. అప్పుడక్కడి జనులు అరకోటికి కొంచెము మించినవారే. నూట నలువది కోట్ల మన దేశములో అట్టిది సాగదని కొందరందురు. మేమట్లు తలంచము. యెరూషలేము సంఘము చిన్నదే, అయినను అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రు మరువబడిరి (అపొ. 6). మోషే యెదుటి జనము గొప్పది, తీర్పు సంగతియే యైనను, యిత్రో జనమును తగ్గించుమనలేదు, పదిమందికొక అధిపతిని నియమించుమనెను (నిర్గమ. 18).

మన పార్వతీపురము మన్యమున 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలున్నవి. 2024 జూలై నుండి వృద్ధుల పింఛను నెలకు 4,000 రూపాయలాయెను, ఇంటివద్దనే ఇచ్చుచున్నారు. సొమ్ము కొండ ఎక్కుచున్నది. కాని అరిగిన వేలిముద్రను యంత్రము గుర్తింపని దినమున, ఈ అవ్వను నేనెరుగుదునని చెప్పువాడు ఆ గూడెములో ఎవడు? మేమును ఈ వర్షాకాలమున పైగూడెమునకు రెండు మారులే ఎక్కితిమి.