సిగ్గుపడాల్సింది ఎవరు?



జగిత్యాల, కోరుట్లలో బీడీలు చుట్టి కార్ఖానాకు ఇచ్చే అక్క ఉంది. సిరిసిల్లలో సాంచాల కాడ కండెలు చుట్టే చెల్లె ఉంది. పని ఇచ్చేటోడు చెయ్యి పట్టుకుంటే, వంకర మాటలు అంటే ఆమె ఏం చేయాలి? "చెప్తే ఇజ్జత్ పోతది, పని పోతది" అని మింగి ఊరుకోవాలా?

వినయ పిటకంలో దీనికి జవాబు ఉంది. ఉప్పలవణ్ణ అనే భిక్షుణిని ఒక యువకుడు బలాత్కరించాడు. ఆమె సమ్మతి లేదు కనుక ఆమెకు ఏ దోషమూ లేదని భగవానుడు చెప్పాడు. చూడండి, తప్పు చేసినవానిది. సిగ్గు కూడా వానిదే.

పంచశీలలో మూడవ శీలం కామ మిథ్యాచారం వద్దంటుంది. కూలి ఇచ్చినోడు పనిని కొన్నాడే గాని మనిషిని కొనలేదు. ఆడదాని అవసరాన్ని అడ్డం పెట్టుకొని బతికేది సమ్యక్ ఆజీవం కాదు. అన్యాయాన్ని మింగడం క్షాంతి కూడా కాదు.

1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు కార్యకర్త భన్వరీ దేవిపై సామూహిక అత్యాచారం చేశారు. ఆమె నోరు మూసుకోలేదు. ఆ ఘటన కారణంగానే 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వచ్చింది. ఆ తర్వాత 2013లో చట్టం వచ్చింది.

ఆ చట్టం మనకూ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షురాలు. పదిమంది కంటే తక్కువుంటే, లేదా తప్పు చేసింది యజమానే అయితే, జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. మూడు నెలల లోపు రాసివ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు ఇస్తారు. రాయరాకుంటే రాయడానికి కమిటీయే సాయం చేయాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. పోలీసులకూ చెప్పొచ్చు, 181కి ఫోన్ చేయొచ్చు. ఏ రోజు, ఏ వేళ, ఏం జరిగింది, ఎవరు చూశారు అన్నది అప్పుడే రాసిపెట్టుకోండి.

అన్నలారా, మీకు ఒక్క మాట. ఇంటికొచ్చి బిడ్డ చెప్పినప్పుడు "నువ్వెందుకు పోయినవ్?" అని అడగకండి. "నేనున్నా, పోదాం పద" అనండి. ఆ మాట సమ్యక్ వాక్కు. ఆమెతో కలిసి నడిచే ఆ నడక ధమ్మం.

భవతు సబ్బ మంగళం.