లలాటలిఖితమును లెక్కయు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములు 2016 నాటి విభజనముచే రెండు జిల్లాలపాలైనను, ఏ యూరి వైద్యునియొద్ద చూచినను నడివయస్సు దాటినవారి నోట వినవచ్చునవి బీపీ, షుగరు, గుండె అను మూడు మాటలే. కిడ్నీ మాట, అది చెడినదని తెలిసిన పిమ్మటగాని పుట్టదు. గుండెను దెబ్బతీయు రక్తపోటును మధుమేహమును మూత్రపిండములలోని సూక్ష్మనాళములను గూడ దెబ్బతీయును. ఈ రెండవయవముల చుట్టఱికము క్రొత్త సంగతి కాదు: లండనునందలి గైస్ వైద్యశాలలో రిచర్డు బ్రైటు 1836 నాటికే, మూత్రపిండరోగముతో మృతులైనవారిలో పలువురి హృదయములు స్థూలించియుండుట కనిపెట్టి వ్రాసెను. ఐనను మూత్రపిండముల శక్తి సుమారు సగము నశించువఱకు రక్తమునందలి క్రియాటినిను హద్దు దాటకుండుట కలదు. మూత్రమునందు ఆల్బుమిను పెక్కుసారులు అంతకు ముందే కానవచ్చును గాని, దానిని వెదకించుకొనువారు అరుదు.

ఇట్టి మౌనరోగమును ముందే పసిగట్టుటకై, వయస్సు, రక్తపోటు, షుగరు, పూర్వపు గుండెజబ్బు, ఆల్బుమిను మున్నగువానిని గుదిగ్రుచ్చి, రాబోవు కొన్నియేండ్లలో అది వచ్చు నవకాశము నూటికింత యని చెప్పు గణితము పుట్టినది. నూటికి ఇరువది యని విన్న మనుజుడు దానిని తలవ్రాతగా గ్రహించును. కాని యా సంఖ్య అతనివంటివారు నూర్గురిది; అతడు ఆ యిరువదిమందిలోనివాడో, తక్కిన యెనుబదిమందిలోనివాడో యది యెఱుగదు. జ్యోతిష్కునకు చెప్పినది జరిగినచో గౌరవము. ఈ గణితమునకు, చెప్పినది జరుగకుండ చేయుటయే ప్రయోజనము. అయితే, మందులు వాడి, మూత్రపిండములకు చేటైన నొప్పిబిళ్ళలు మాని గట్టెక్కినవాడు, తాను తప్పించుకొనెనో, అసలు తనకు రాదగినదే కాదో యెన్నటికిని నిశ్చయింపజాలడు. కృతజ్ఞతకు తావులేని యుపకారమిది.

తలవ్రాత మాటకు వచ్చినచో, యోగవాసిష్ఠమున వసిష్ఠుడు దైవమనునది పూర్వపౌరుషముకంటె వేఱు కాదనియు, నేటి పౌరుషము దానిని గెలువజాలుననియు రామునకు బోధించును. నాకిది ప్రియమైన సిద్ధాంతమే. కాని నీ వ్యాధి నీ చేతల ఫలమే యని రోగితో పలికి చేతులు దులుపుకొనుటకును ఇది మిక్కిలి యనువైనది. మిర్యాలగూడ బియ్యపుమిల్లులో బస్తాలు మోయు హమాలీకి బీపీ కలదనుకొందము. సాయంకాలము నడుమునొప్పికి బిళ్ళ మ్రింగనిచో మఱునాటి కూలి లేదు, నిత్యము మ్రింగినచో మూత్రపిండములకు హాని. ఇందు పౌరుష మెవ్వరిది? అతనికి సంఖ్య మాత్రము చెప్పి, మందు అందింపకుండుట శపించుటతో సమానము. సూర్యాపేటయందు 2019లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసిన పిమ్మట, ఇదంతయు దూరదేశపు విద్య యను సాకు చెల్లదు. వాడుకలోనున్న గణితములు పెక్కింటిలో వయస్సునకు గడి కలదు, షుగరునకు కలదు; హమాలీ మోసిన బస్తాలకును, మ్రింగిన బిళ్ళలకును వానిలో గడి కానరాదు.